ఒక కాలి కోసం కడప దారిలో

రాయలసీమ వెళ్లివచ్చానంటే మా కృష్ణా వైపువాళ్లు మొదట అడిగేది నీళ్ల సంగతి. తాగడానికి దొరికాయా, స్నానం చేశావా అని. దొరికాయి, చేశాను. ఆ తరువాత అడిగేది, ఎందుకు వెళ్లావని. దానికి జవాబు కాస్త పొడుగు.

మా పెద్దన్నయ్యకు కాలి జబ్బు ఉండేది. రక్తనాళం మూసుకుపోయి వేళ్లు నల్లబడే జబ్బు. బీడీ, చుట్ట మానని మగవాళ్లకు ఎక్కువగా వస్తుందంటారు. మొదట వేళ్లు తీశారు, తరువాత పాదం, ఆ తరువాత మోకాలి పైదాకా. నాళం ఎక్కడ మూసుకుపోయిందో చూసే సాధనం అప్పుడు లేదు. కోసి చూడడం, మానకపోతే ఇంకాస్త పైకి కోయడం, అదే పద్ధతి. కాలు పోయిన తరువాత కూడా అన్నయ్య ఆ కాలి బొటనవేలు దురద పెడుతున్నదనేవాడు. "ఒరే, కాస్త గోకరా" అనేవాడు. నేను దుప్పటి మీద, ఆ వేలు ఉండవలసిన చోట గోకేవాణ్ని. "ఆఁ, అక్కడే" అని కళ్లు మూసుకునేవాడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది.

ఈమధ్య మా పత్రికకు ఇద్దరు డాక్టర్లు పోటాపోటీగా ఉత్తరాలు రాశారు. తొడ మొదట్లో రక్తనాళంలోకి సూదితో ఒక మందు ఎక్కించి, అది పారుతూ ఉండగా ఎక్స్‌రే తీస్తే లోపలి దారంతా తెల్లగా కనిపిస్తుందట. చూసి కోయండి, గుడ్డిగా కోయకండి అని ఒకాయన. చూడడానికే నాళాన్ని పొడిస్తే, ఆ పొడుపుతోనే కాలు పోగొట్టుకున్నవాళ్లున్నారని రెండో ఆయన. ఇద్దరి ఉత్తరాలనూ కుదించి అచ్చుకు పంపింది నేనే. కడప జిల్లాలో పెన్న ఒడ్డున ఒక మిషన్ ఆసుపత్రిలో ఈ ఫోటో తీస్తున్నారని విని, సెలవు పెట్టి బయలుదేరాను. ఎవరి మాట నిజమో తేల్చే చదువు నాకు లేదు. ఆ ఫోటో ఒక్కటి కళ్లారా చూడాలనిపించింది, అంతే.

ద్రోణాచలం ప్లాట్‌ఫారం

కర్నూలు రైలు కోసం ద్రోణాచలంలో దిగాను. పొద్దున్నే ఎండ. ఒక ముసలమ్మ గంపలో ఉగ్గాని అమ్ముతున్నది. బొరుగులు నీళ్లలో తడిపి, గట్టిగా పిండేసి, తాలింపు వేసి, పైన పప్పులపొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీ. మావైపు బొరుగులంటే పిల్లల చిరుతిండి. ఇక్కడ అది పెద్దల ఫలహారం. అణా ఇస్తే ఆకు నిండా పెట్టింది. బజ్జీ కొరికాక చెవుల్లోంచి పొగ వచ్చినంత పనైంది. కుండ దగ్గర చెంబు ముంచుకుని గటగట తాగి, మిగిలిన నీళ్లు పట్టాల మీద పారబోశాను.

"ఏమప్పా, సగం చెంబు పారబోస్తివే! మీ నాయన తవ్విచ్చినాడా బాయి ఈడ?"

గోడకు ఆనుకుని కూర్చున్న ఒక ఆడమనిషి. నలభై లోపు ఉంటుంది. పక్కన ఆమె భర్త, ఎడమ కాలు బారజాపుకుని, పాదానికి గుడ్డ చుట్టుకుని.

"ఊరికే ఉండవే ఈరీ. పెద్దాయన" అన్నాడతను.

"పెద్దాయనైతే నీళ్లు చిన్నవా?"

మాది కృష్ణ ఒడ్డు అని చెప్పుకున్నాను. "కాలవ దేశమా! అట్ల చెప్పు మల్ల" అని ఆమె నన్ను క్షమించేసింది. ఆమె పేరు ఈరమ్మ, అతని పేరు ఉరుకుందప్ప. ఆలూరు వైపు పల్లె. నాలుగెకరాల మెట్ట సేద్యం. కర్నూలు పెద్దాసుపత్రికి పోతున్నారు. అతను అగ్గిపెట్టె అడిగితే ఇచ్చాను. ఒక బీడీ ఆరకముందే ఆ నిప్పుతోనే ఇంకొకటి అంటించాడు. గాలి మళ్లినప్పుడు ఆ గుడ్డ వాసన నా దాకా వచ్చింది. అది నాకు తెలిసిన వాసన.

"కాలికేమైంది?"

"తుమ్మముల్లు, సామీ" అన్నాడు, అడిగీ అడగకముందే.

"పీర్ల పండగ కాణ్నించి మానలేదు. అంత పాపిష్టి ముల్లు యాడన్నా చూస్తివా?" అన్నది ఈరమ్మ.

డేరాల రాజధాని

కర్నూలు రాజధాని అయిన తరువాత ఊరు ఉబ్బింది గాని ఇళ్లు పెరగలేదు. మైదానాల్లో డేరాలు. ఒక డేరాలో ఆఫీసు, పక్క డేరాలో గుమాస్తా సంసారం, రెండింటికీ మధ్య తాడు మీద ఆరేసిన పంచెలు. గుమాస్తాలు సగం మంది మావైపువాళ్లే. సాయంత్రమైతే తుంగభద్ర ఒడ్డున కూర్చుని గోంగూర గురించి, వరి అన్నం గురించి మాట్లాడుకుంటారు. కావిడి నీళ్లు బేడ, అంటే రెండణాలు. నాకు వసతి ఇచ్చిన గుమాస్తాగారు ముఖం కడిగిన నీళ్లను పళ్లెంలో పట్టి తులసిమొక్కకు పోస్తున్నాడు. వచ్చిన కొత్తలో ఆయన కూడా ఎవరి చేతనో తిట్లు తినే ఉంటాడు.

ఆసుపత్రిలో ఉరుకుందప్పను చూసిన డాక్టరు పెద్దవారు, నెమ్మదస్తులు. వాళ్ల వెంట వెళ్లిన నేను పత్రికవాణ్నని చెప్పుకుంటే పక్కన కూర్చోనిచ్చారు. గుడ్డ విప్పారు. రెండు వేళ్లు బొగ్గులయ్యాయి. అరికాలిలో పుండు. పాదం మీద, చీలమండ దగ్గర, మోకాలి వెనుక వేళ్లు పెట్టి నాడి వెతికారు. మోకాలి కింద ఎక్కడా దొరకలేదు.

"మోకాలి పైన తీసేద్దాం" అన్నారు.

నేను ఫోటో సంగతి ఎత్తాను. ఆయన కోపగించుకోలేదు.

"ఆ ఉత్తరాలు నేనూ చదివాను. చూడండి, రక్తం ఎక్కడిదాకా వస్తున్నదో నాకు తెలియదు. తెలియనప్పుడు, తప్పకుండా మానే చోట ఒక్కసారి కోయడమే మర్యాద. కాలు మీద ఆశతో కిందనే కోసి, మళ్లీ కోసి, మళ్లీ కోసి మనుషులను పోగొట్టుకున్నాం. ఆ బాధ మీకు తెలియదు."

నాకు తెలుసని చెప్పలేదు. ఆయన చెప్పింది అచ్చంగా మా అన్నయ్య కథ. ఫోటో వైపే మొగ్గుతూ వచ్చిన నాకు అక్కడ కాళ్ల కింద నేల కదిలింది.

ఉరుకుందప్ప మాత్రం ఒకే మాట. "ఒంటికాలోనికి పీరునెవురిస్తారు సామీ?"

పీర్లంటే మొహర్రం నాడు ఊరేగించే వెండి, ఇత్తడి పంజాలు. ఈ వైపు పల్లెల్లో తురకలతో పాటు హిందువులూ వాటిని ఎత్తుతారు. ఊరి మధ్య గుంట తవ్వి నిప్పులు పోస్తారు. దాన్ని గుండం అంటారు. పీరునెత్తినవాడు ఆ నిప్పుల మీద నడవాలి. ఉరుకుందప్ప వాళ్ల ఊళ్లో పెద్దపీరు అతని వంతు. తాత నుంచి వచ్చిన వంతు.

"పీరు సంగతి పీరు చూసుకుంటాడు. నువ్వు బతకాల గదా" అన్నది ఈరమ్మ. కాని ఆమె కూడా కోతకు ఒప్పుకోలేదు. ఆ ఫోటో తీసే ఊరికి పోతామంది.

"పొండి" అన్నారు డాక్టరు. "ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఫోటో కాలునివ్వదు. జ్వరం గాని తగిలితే దారిలో ఎక్కడా ఆగకుండా నా దగ్గరికి రండి." కుంటుతూ పోతున్న ఉరుకుందప్ప వైపు చాలాసేపు చూశారు.

బస్సులో

నంద్యాల దాటాక నల్లరేగడి. జొన్నకోత అయిపోయి మోడులు మిగిలాయి. మా వైపు పొలం ఏ నెలలో చూసినా ఏదో ఒక పచ్చదనం ఉంటుంది. ఇక్కడ భూమి ఒట్టి నేలగా, ఆకాశం కింద, ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు పడి ఉంటుంది. అందులో ఏం అందం ఉందో అప్పుడు తెలియలేదు. తిరిగివచ్చాక, మా కాలవగట్టు మీద నడుస్తున్నప్పుడు, ఆ నేలే కళ్లలో మెదులుతున్నది.

కాలి వాసనకు జనం ముందు సీట్లలోకి జరిగారు. కండక్టరు ముక్కు మూసుకుని వచ్చాడు.

"ఏమప్పా, ఆ కాలు కిటికీ బయట పెట్టుకో. దానికి టికెట్టు కొట్టలేదు."

"కొట్టు మల్ల" అన్నది ఈరమ్మ. "టికెట్టు కొట్టినాక అది మనిషితో పాటే దిగాల. ఒప్పుకుంటావా?"

బస్సంతా నవ్వింది. కండక్టరు కూడా. ఆ తరువాత ఎవరూ జరగలేదు. ఒక చిలకలూరిపేట పొగాకు బేరగాడు గుండం గురించి అడిగితే ఉరుకుందప్ప చెప్పాడు.

"అందరూ ఉరుకుతారు సామీ నిప్పుల మింద. నిమ్మళంగా నడిచేది నేనొక్కడ్నే. డప్పులు మోగుతాంటాయి. పీరు బరువుంటాది గాని తెలీదు. ఊరంతా అటూ ఇటూ నిలబడి 'అసోయ్ దూలా' అని అరుస్తాంటే, ఆ నాలుగడుగులూ... ఏం చెప్పేది? మల్లొచ్చే పండగ దాకా ఆ నాలుగడుగుల కోసమే బతుకుతాం."

ఎదుటి సీటులో ఉన్న ముసలాయన లేచి, ఆ గుడ్డ చుట్టిన పాదాన్ని ముట్టుకుని చేయి కళ్లకద్దుకున్నాడు. ఉరుకుందప్ప గబుక్కున కాలు లాక్కున్నాడు. సిగ్గేమో అనుకున్నాను.

పెన్న ఒడ్డున

ఊరి పేరు రాయడం లేదు. రాస్తే బండ్లు కట్టుకుని జనం ఫోటో తీయించుకోవడానికి వస్తారనీ, ఫోటోతోనే జబ్బు పోతుందని ఇప్పటికే సగం మంది నమ్ముతున్నారనీ డాక్టరుగారి భయం. ఆయన పేరు దైవసహాయం. ఆ ఊరి మాలవాడలో పుట్టినవారే. వాళ్ల నాన్న చర్చిలో గంట కొట్టేవాడట. అరవదేశంలో పెద్ద చదువు చదివి తిరిగి ఇక్కడికే వచ్చారు. ఆసుపత్రి గోడలూ నేలా అన్నీ నల్లటి కడప బండలే. చెప్పులు విప్పి నడిస్తే చల్లగా ఉంటుంది.

పుండు చూసి ఆయన మొదట అడిగింది: "ముల్లు దిగినప్పుడు నొప్పి పుట్టెనా?"

"లేదు సామీ."

"మల్ల ముల్లని ఎట్ల తెలిసె?"

ఉరుకుందప్ప భార్యతో "నువ్వు బయట కూచో పో" అన్నాడు.

"యేంటికి? నాకు తెలీని కాలా అది?"

"చెప్పప్పా" అన్నారు డాక్టరు. "దాస్తే నేను గుడ్డోణ్ని. కర్నూలు డాక్టరుగారి మాట ప్రకారం తీసేయాల్సిందే."

అతను నేల చూస్తూ చెప్పాడు. "ముల్లు కాదు. గుండం. పోయిన పండక్కి నిప్పుల్లోంచి వచ్చినాక చూసుకుంటే బొబ్బలు. నిప్పులో కాలినోడు మైలోడని మా ఊర్లో పీరు ముట్టనీరు. అందుకని ముల్లంటి."

"కాలేటప్పుడు తెలీలేదా?"

"మూడేండ్లుగా ఆ కాలికి సెగ తెలీదు సామీ. పీరు మహిమ అనిరి అందరూ. నేనూ అట్లనే అనుకొంటి. మెడలో పూలేస్తిరి. బొబ్బలు చూసినాక తెలిసె."

ఈరమ్మ గొంతు చాలా చిన్నగా వచ్చింది.

"ముల్లు కోసం ఎంత ఎతికితి! దీపం పెట్టుకొని, సూది కాల్చి, పుండంతా పొడిస్తి గదయ్యా! పొడుస్తాంటే ఊరికే కూచుంటివే!"

"నొప్పి లేకుండె."

"నొప్పి లేకుంటే చెప్పవా? ఏమని కూచుంటివి?"

"ముల్లు లేదంటే నిప్పని చెప్పాల గదే."

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని బయటికి వెళ్లిపోయింది.

డాక్టరుగారు మాత్రం కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. "మూడేండ్లు! నువ్వు ముందే చెప్పి ఉంటే..." అని ఆగి నా వైపు తిరిగారు. "నాళం ఒక్కసారిగా మూసుకుంటే కాలు చస్తుంది. నిదానంగా మూసుకుంటే ఒళ్లు ఊరుకోదండీ, చుట్టుపక్కల సన్న దారులు వేసుకుంటుంది. నాడి చేతికి దొరకదు గాని రక్తం చేరుతూనే ఉండవచ్చు. ఉంటే మోకాలు దాకా పోనక్కరలేదు. మూడేండ్లుగా మూసుకుంటూ వచ్చిందంటే, చూడవలసిన కాలు ఇది."

అపాయం కూడా దాచలేదు. తాను ఫోటో తీసినవారిలో ఒకరికి సూది పొడిచిన చోటే రక్తం గడ్డకట్టిందని ఉరుకుందప్పకు విడమరిచి చెప్పారు. "నీ ఇష్టం" అన్నారు. ఉరుకుందప్ప తలుపు వైపు చూశాడు. ఈరమ్మ గడపలో నిలబడి ఉంది.

"చూడనీ" అన్నది.

మరునాడు పొద్దున ఫోటో. మమ్మల్ని వరండాలో ఉంచారు. లోపల డాక్టరు "ఇప్పుడు!" అని కేక పెట్టారు. ఆ వెంటనే ఉరుకుందప్ప అరుపు. గోడలు దాటి, వేపచెట్టు మీది కాకులు లేచిపోయేంత అరుపు. మందు నాళంలో పారుతున్నప్పుడు కాలంతా మండుతుందని ముందే చెప్పారు గాని, విన్నప్పుడు ఈరమ్మ నా చేయి పట్టుకుంది. "అంత నిప్పు మింద మాట్లాడనోడు" అన్నది.

ఫిలిం తడి ఆరకముందే డాక్టరుగారు కిటికీ వెలుగుకు పట్టుకున్నారు. ఇంత దూరం దేనికోసం వచ్చానో అది నా ముందు ఉంది. తొడలో చిటికెనవేలి లావు తెల్లటి గీత దిగివచ్చి, మోకాలి వెనుక విరిచిన పుల్లలాగా ఆగిపోయింది. ఆ విరిగిన చోటి నుంచి, దారప్పోగుల్లాంటి వంకర గీతలు పది పన్నెండు, ఒకదాన్నొకటి పట్టుకుంటూ చీలమండ దాకా దిగాయి. మా అన్నయ్య కాలిలో కూడా ఇలాంటి పోగులు ఉండేవా? పాదం తీసినప్పుడు? మోకాలు తీసినప్పుడు? ఎవరూ చూడలేదు. ఇక చూడబోరు. నా కళ్లద్దాలు తుడుచుకోవలసి వచ్చింది.

ఈరమ్మ ముందుకు వచ్చింది. "ఏమంటాండాది?"

"పెద్ద దారి మూసుకుపోయింది. పక్క దారుల్లో నెత్తురుండాది."

ఆమె కిటికీ బయట పెన్న వైపు చూసింది. ఒడ్డు నుంచి ఒడ్డుకు ఒట్టి ఇసుక. అక్కడక్కడా ఆడవాళ్లు వంగి చెలమలు తోడుతున్నారు. "ఏటి మాదిరే అను. పైన ఇసకుంటేనేం, తోడితే ఊరతాంది."

"అదే. బిందెడు కాదు, చెంబెడు ఊరతాంది. వేళ్లు పోతాయి. పాదం నిలబడుతుందేమో చూద్దాం."

వెన్నుకు పక్కగా ఒక సూదిమందు ఇచ్చారు. నాళాలను బిగించే నరాలను అది వదులు చేస్తుందట. కోత లేదు, కుట్టు లేదు. కొంతసేపటికి ఈరమ్మ పాదం మీద చేయి పెట్టి, తీసి, తన చెంపకు ఆనించుకుని, మళ్లీ పెట్టింది. నన్నూ పెట్టి చూడమని సైగ చేసింది. వెచ్చగా ఉంది.

డాక్టరుగారు వెళ్లబోతూ మంచం పక్కన ఉన్న బీడీ కట్ట తీసుకుని జేబులో వేసుకున్నారు. "ఒక్కటి తాగినా ఆ పోగులన్నీ బిగుసుకుపోతాయి. అప్పుడు కర్నూలు డాక్టరుగారి మాటే నా మాట. కాలు కావాల్నా, బీడీ కావాల్నా?"

"కాలే సామీ" అన్నాడు ఉరుకుందప్ప. చూపు మాత్రం ఆ జేబు మీదే ఉంది.

గండికోట, కడప

వేళ్లు తీసి, పుండు తేటపడేదాకా వేచి ఉండాలన్నారు. నేను గండికోటకు బండి కట్టించుకున్నాను. కొండను నిలువునా చీల్చినట్టున్న లోయ, అడుగున మడుగులు కట్టిన పెన్న ఒక పచ్చటి గీత. మసీదూ గుడీ పక్కపక్కనే పడి ఉన్నాయి. కాపలా ముసలాయన సంగటి ముద్ద, చెనిగ్గింజల ఊరిబిండి, అంటే మన వేరుసెనగ పచ్చడి, పెట్టి, డబ్బులిస్తే పుచ్చుకోలేదు. అన్నం ముద్దలాగా సంగటిని నమలబోయాను. "నమలొద్దు, మింగాల" అని నవ్వాడు. లోయ అంచున కూర్చుంటే అన్నయ్య పక్కన ఉంటే బాగుండుననిపించింది. ఆయనకు నడక అంటే ప్రాణం.

కడపలో ఈరమ్మ చెప్పిన పని ఒకటి ఉంది. దర్గాలో పూలు పెట్టి, ఆమె మాటగా ఒకటి అడగాలి. "కాలడగొద్దు, అది డాక్టరుకు చెప్పినాం. బీడీ మాన్పియ్యమని అడుగు" అన్నది. రెండణాల గులాబీలు కొని అడిగాను. పక్కన నిలబడ్డ సాయిబుగారు విని, "మా ఇంట్లో వానికీ అడుగు బాబూ" అన్నారు.

మళ్లీ వరండాలో

తిరుగుదారిలో ఆసుపత్రికి వెళ్లాను. రెండు వేళ్లు తీసేశారు. పుండు ఎర్రగా, శుభ్రంగా ఉంది. అది మానే రంగు అని డాక్టరుగారు చెప్పారు. ఇక మిగిలింది మా చేతిలో లేదన్నారు. ఉరుకుందప్ప వరండాలో బెంచీ మీద, గోడకు ఆనుకుని ఉన్నాడు. మనిషి చిక్కిపోయాడు.

"ఎట్లుండావు?"

"బువ్వ లేకుండా ఉంటా సామీ. నీళ్లు లేకుండా గూడా ఉంటా. ఇది కాదు. నిద్దట్లో అగ్గిపెట్టె ఎతుకుతాండా. గుండం నడిచేటప్పుడు గూడా పీరును ఇంతగా తల్చుకోలేదు."

అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నువ్వు సిగరెట్టు తాగుతావు గదా. చెయ్యిట్ల తే. తాగొద్దన్నారు గాని, వాసన చూడొద్దనలేదు."

ఇచ్చాను. నా వేళ్లను రెండు చేతులతో పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. కొళాయి దగ్గర గుడ్డలు పిండుతున్న ఈరమ్మ చూసింది. పిండుతూనే ఉంది.

ఉన్నట్టుండి నా చేయి విసిరినట్టు వదిలేసి, గోడ వైపు తిరిగాడు. "చాలు. పో సామీ. నీకు దండం పెడతా, ఈడ నిలబడొద్దు."

ఈరమ్మ గేటు దాకా వచ్చింది. "ఊరికి పోయినాక ఊరంతా పొగే గదా సామీ. ఈడ సిస్టరమ్మలుండారు. ఆడ నేనొక్కదాన్నే."

"పీరు సంగతి?"

"నిప్పు సంగతి నేనే చెప్తా ఊర్లో. ఆయప్ప చెప్పలేడు. ఎవురన్నా ఎత్తుకోనీ. గుంపులో నా పక్కన నిలబడి చూస్తే చాలు, రెండు కాండ్ల మింద."

బస్సు కోసం రోడ్డెక్కి, అలవాటు చొప్పున సిగరెట్టు వెలిగించాను. పెన్న వైపు నుంచి గాలి, నేరుగా ఆసుపత్రి మీదికి. రెండో దమ్ము లాగకుండానే నేలకేసి తొక్కాను. వెనక్కి చూస్తే, వరండాలో ఉరుకుందప్ప గోడ వైపు నుంచి ఇటు తిరిగాడు. ముఖం పైకెత్తి, కళ్లు మూసుకుని, ఆ గాలిని నిదానంగా పీలుస్తున్నాడు.